గట్టు మీద మిగిలిన కోడిపిల్ల

పెదగరువు,
8 జూలై 2024.

చిరంజీవి తమ్ముడు సందీప్‌కి అక్క శ్రీసత్య ఆశీస్సులు.

మొన్న కూడా నువ్వు ములాఖత్‌కి రాలేదు. రాజమండ్రి దాకా వచ్చి, జైలు గేటు దగ్గర బెంచీ మీద పొద్దెక్కేదాకా కూర్చున్నాను. "రానంటున్నారమ్మా" అని ఆ కానిస్టేబుల్ చెప్పలేక చెప్పాడు. ఫోనుకీ రావు. సరే, మొహం చూపించకపోతే పోయావు, ఈ ఉత్తరానికి మాత్రం జవాబు రాయి. ఊసుపోక రాస్తున్నది కాదు. కోళ్ళ గురించి అడగడానికి నీకంటే తెలిసినవాళ్ళు నాకెవరున్నారు?

షెడ్డులో ఒక కోడిపిల్ల ఉంది. కోళ్ళన్నీ ఇచ్చేశాం కదా అంటావు. నేనూ అలాగే అనుకున్నాను. మూలన పడేసిన పాత చేపల వలల కింద ఒక నల్లపెట్ట గుడ్లు పెట్టి పొదిగినట్టుంది. నాకు తెలిసేసరికి పెట్ట లేదు, ఈకలే ఉన్నాయి. జంగుపిల్లో కుక్కో మరి. పిల్లల్లో ఇది ఒక్కటే మిగిలింది. నా పిడికిలికి కాస్త పెద్దది. ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. కుడికన్ను సగం. కళ్ళ చుట్టూ, ముక్కు మొదట్లో ఆవగింజల్లాంటి పొక్కులు. నూకలు వేస్తే వాటి మీదే నిలబడుతుంది కానీ తినదు. మెడ లోపలికి లాక్కుని, ఈకలు ఉబ్బించుకుని, ఎవరో తిట్టిన పిల్లలా ఉంటుంది.

మనింట్లో కోడి అంటే నాకు కూరలోనే పరిచయం. కాకినాడలో ఇన్నేళ్ళు ఆఫీసులో ఫైళ్ళు చూసినదాన్ని. దీన్ని గట్టిగా పట్టుకుంటే ఎముకలు విరుగుతాయేమోనని భయం, వదులుగా పట్టుకుంటే జారి పారిపోతుంది. యూట్యూబులో ఒకాయన హిందీలో ఏదో చెప్పాడు, ఆయన చేతిలో ఉన్న కోడి నాకంటే బలంగా ఉంది. ఏం చెయ్యాలో రాయి.

ఇంకో మాట. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. దీపాలు పెట్టే వేళకి షెడ్డు వెనక ఎవరో దగ్గుతున్నారు. పొడిదగ్గు, తర్వాత గొంతు సవరించుకోవడం. విజయ్ పాల్ చేపల వ్యాను దిగి, మనింటి గుమ్మంలో చెప్పులు విప్పుతూ అలాగే దగ్గేవాడు కదా. దగ్గు ముందొచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. ఇప్పుడు దగ్గొక్కటే వస్తోంది. జంగుపిల్లి కోసమని నువ్వు షెడ్డు చుట్టూ లాగిన కరెంటు తీగ తగిలి అతను పడి చనిపోయింది సరిగ్గా అక్కడే. తీగ ఎప్పుడో పీకేశారు. గుంజలు మాత్రం ఉన్నాయి. సాయంత్రమైతే ఊళ్ళోవాళ్ళెవరూ ఆ గట్టు మీదుగా రావడం లేదు.

వేళకి తిను.

నీ అక్క,
శ్రీసత్య.

——

కేంద్ర కారాగారం,
రాజమహేంద్రవరం,
19 జూలై.

అక్కకి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇక్కడ చదివాకే మాకిస్తారు, అందుకే ఆలస్యం.

ఆ పెట్ట ఎలా మిగిలిందండి? ఆ షెడ్డులో ఒక్క ఈక కూడా మిగలకూడదని మీకు చెప్పాను.

మీరు రాసినదాన్నిబట్టి అది అమ్మవారు, కోళ్ళకొచ్చే మశూచి. దోమల వల్ల వస్తుంది. మన చెరువుల మధ్య దోమలకి కొదవేముంది. ముందు దాన్ని షెడ్డులోంచి ఇంట్లోకి తెచ్చి గంప కింద పెట్టండి, గంప మీద దోమతెర కప్పండి. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో దూది ముంచి కన్ను మీద కాసేపు ఆనించి ఉంచండి. చెక్కు మెత్తబడితే అదే ఊడివస్తుంది, గోరుతో గిల్లకండి. పొక్కులకి పసుపు, వేపనూనె కలిపి రాయండి, కంట్లోకి పోనివ్వకండి.

అది తినకపోవడం ఆకలి లేక కాదు. కనపడక. ఉడికించిన గుడ్డు పచ్చసొన, పల్చటి రాగిజావ మీరే పెట్టాలి. నోరు తెరిచి పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. ముక్కు అంచున ఒక చుక్క పెడితే అదే మింగుతుంది. పట్టుకునేటప్పుడు రెక్కలు ఒంటికి ఆనించి తువ్వాలులో చుట్టండి, చీకటిగా ఉంటే ఊరుకుంటుంది.

వెచ్చగా ఉండాలి. మామూలుగా అయితే గంప మీద ఒక బల్బు

ఆ మాట కొట్టేశాను, చదవకండి. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి.

ఇంత చేసినా బతుకుతుందని లేదు. రెండో సంగతి గురించి ఇంక రాయకండి. ఈ ఉత్తరాలు వేరేవాళ్ళు చదువుతారు.

సందీప్.

——

పెదగరువు,
29 జూలై.

తమ్ముడూ,

దీవెనలు. నాకు మతి పోయిందని నువ్వనుకుంటున్నావని అర్థమైంది. చదివేవాళ్ళని చదవనీ. జైలు ఆఫీసులో కూర్చున్నవాళ్ళు దగ్గు ఎరగరా?

ముందు నీ కోడిపిల్ల సంగతి. నీది కాదంటావు, సరే, ఈ కోడిపిల్ల సంగతి. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. మొదటిసారి దూది పెట్టినప్పుడు అది ఎంత గింజుకుందంటే, ఉప్పునీళ్ళు నా కంట్లో పడ్డాయి గానీ దాని కంట్లో పడలేదు. చీరంతా పాడుచేసింది. ఇప్పుడు తువ్వాలులో చుట్టగానే తల నా మోచేతిలో దూర్చి ఊరుకుంటుంది. ఒళ్ళో ఉన్నంతసేపూ దాని గుండె నా పొట్టకి కొట్టుకుంటూ ఉంటుంది. అంత చిన్న ప్రాణానికి అంత వేగమేంటో. పచ్చసొన ముక్కు అంచున పెడితే చప్పరించి మింగింది. కుడికన్ను విచ్చుకుంది. నన్ను అదే మొదటిసారి చూడటం, చూసి పెద్దగా సంతోషించినట్టు లేదు. ఎడమకన్ను నుంచి మాత్రం జున్నుముక్క లాంటిది వచ్చింది. ఆ కన్ను పోయినట్టే అన్నారు పశువుల ఆసుపత్రిలో. నీళ్ళలో కలపమని ఏదో పొడి ఇచ్చారు.

ఇక నువ్వు రాయొద్దన్నది.

మంగళవారం సాయంత్రం వేడినీళ్ళు కాస్తుంటే మళ్ళీ వినిపించింది. ఈసారి తలుపేసుకోలేదు. చీపురు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. చీపురుతో ఏం చేద్దామనుకున్నానో నాకే తెలీదు. గుంజ దగ్గర తెల్లటి ఆకారం. అదే తల తిప్పి, "నేనేనండి" అంది.

ఆశాజ్యోతి. విజయ్ పాల్ భార్య. చిక్కి సగమైంది. కోర్టులో చూసిన తర్వాత మళ్ళీ ఇదే. చేతిలో చిన్న స్టీలు గిన్నె. "ఏంటమ్మా గిన్నెలో?" అన్నాను.

"నూకలండి" అంది. "ఆయన పడిపోయినచోటికి రోజూ వస్తున్నాను. వచ్చి నిలబడతాను, అంతే. చేతులు ఖాళీగా రాలేక మొదట్లో ఇన్ని నూకలు తెచ్చి చల్లేదాన్ని. వలల కిందనుంచి నల్లపెట్ట వచ్చి తినేది. అది తింటుంటే నాకు కాసేపు గడిచేది. తర్వాత పిల్లలతో వచ్చింది. ఈమధ్య రావడం లేదు. చచ్చిపోయాయా అండి?"

ఆ పెట్ట ఎలా మిగిలిందని అడిగావు కదా. అలా మిగిలింది.

ఒకటి ఉందని చెప్పి లోపలికి తీసుకొచ్చాను. గుమ్మం దాటడానికి చాలాసేపు పట్టింది ఆమెకి. దోమతెర ఎత్తి చూసి, నన్ను అడక్కుండానే చేతిలోకి తీసుకుంది. నాకూ ధైర్యం వచ్చి, "రోజూ నువ్వు దగ్గుతుంటే ఎవరోనని హడలిపోయానమ్మా" అన్నాను.

ఆమె తలెత్తి నావైపు చూసింది. "నేను దగ్గనండి" అంది. "మీకూ వినిపిస్తోందా? అది వినడానికే నేను వస్తున్నాను."

తమ్ముడూ, రోమాలు నిక్కబొడుచుకోవడం అంటారే, అది నిజమే. కానీ భయం కాదు. ఇద్దరం ఆ పిల్లని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. అప్పటినుంచి రోజూ వస్తోంది. ఆమె పట్టుకుంటుంది, నేను జావ పెడతాను.

నీ ఆరోగ్యం ఎలా ఉందో రాయి. ఒక్క ముక్క రాయలేదు.

శ్రీసత్య.

——

రాజమహేంద్రవరం,
7 ఆగస్టు.

అక్కకి,

ఆవిడ మనింటికి రావడం ఏంటండి. వస్తే మీరు లోపలికి పిలవడం ఏంటి. ఆవిడ ఆ గుమ్మంలో కూర్చుంటే మీకెలా ఉంటుందో నాకు తెలీదు, ఆ మాట చదివినప్పట్నుంచీ నాకు అన్నం దిగడం లేదు.

ఆ పిల్లని ఆవిడకి ఇచ్చేయండి. పెట్టని ఆవిడే బతికించింది కాబట్టి అది ఆవిడకే చెందాలి. నా షెడ్డులోంచి వచ్చినదేదీ నాకు మిగలకూడదు. ఆవిడకే ఇచ్చానని చెప్పండి, నేను ఇమ్మన్నానని కూడా చెప్పండి. తర్వాత ఇంటికి తాళం వేసి మీరు కాకినాడ వెళ్ళిపోండి. ఆ షెడ్డు పడగొట్టించండి. గుంజలు కూడా.

నా ఆరోగ్యం బాగానే ఉంది. తోటపని ఇచ్చారు.

సందీప్.

——

పెదగరువు,
18 ఆగస్టు.

సందీప్,

నీ ఉత్తరం రాకపోయినా బాగుండేది. వచ్చినా నేను దాన్ని చదివి వినిపించకుండా ఉండాల్సింది.

ఆశాజ్యోతి ఎదురుగానే ఉంది, పిల్ల ఒళ్ళో ఉంది. నువ్వు మంచిమాటే రాశావనుకుని, "మా తమ్ముడు దీన్ని నీకే ఇచ్చేయమంటున్నాడు" అని, ఆ వాక్యాలు పైకి చదివాను. ఆమె మొహం ఎలా మారిందో నువ్వు చూడలేదు, నేను చూశాను. పిల్లని నెమ్మదిగా గంప కింద పెట్టింది. తెర సర్దింది. అప్పుడంది, "మా ఆయనకి బదులు కోడిపిల్లనిస్తున్నారా అండి?"

"కాదమ్మా" అన్నాను. నీ మనసులో ఏముందో నాకు మాత్రం తెలుసా? మనిషి ఎదురుపడవు, రాసేది నాలుగు ముక్కలు.

వెళ్ళిపోయింది. ఆ తర్వాత రాలేదు. వీధిలో ఎదురైతే పక్కకి తప్పుకుంది.

ఆమె రాకపోవడంతో దగ్గు కూడా ఆగిపోయింది. వింటున్నావా? మొదట్లో అది వినిపిస్తే తలుపులేసుకునేదాన్ని. ఇప్పుడు దీపాలవేళకి వెనక గుమ్మంలో నిలబడి చెవులు రిక్కిస్తున్నాను. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు, కప్పలు, అంతే. ఇల్లంతా ఎవరో లేచి వెళ్ళిపోయినట్టుంది.

పిల్లకి మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి నోట్లో. ముక్కు మూయడం లేదు, మెడ చాపి ఊపిరి లాగుతోంది. లోపల నాలుక పక్కన పసుపుపచ్చటి పొర కనిపిస్తోంది. ఇద్దరం చేసే పని ఒక్కదాన్నే చేస్తుంటే సరిగ్గా కుదరడం లేదు, జావ సగం కిందే పోతోంది. దానికి తోడు ముసురు. వేడినీళ్ళ సీసా ఎంతసేపుంటుంది? బల్బు పెట్టమన్నారు ఆసుపత్రిలో. వైరు కొనితెచ్చాను. చుట్ట విప్పను కూడా విప్పలేకపోయాను.

నీకు కోపం రానీ. నేను ఎక్కడికీ వెళ్ళను, షెడ్డు పడగొట్టించను.

అక్క.

——

రాజమహేంద్రవరం,
27 ఆగస్టు.

అక్కకి,

నేనన్నది అది కాదండి. ఎన్నిసార్లు రాసి చింపానో. పాల్‌కి బదులు ఇవ్వడానికి నా దగ్గరేముంది? వాడూ నేనూ ఒకే బెంచీలో చదువుకున్నాం. నా మొదటి కోళ్ళు భీమవరం సంత నుంచి వాడి వ్యానులోనే వచ్చాయి. ఆ షెడ్డు పేరు చెబితే నాకు గుర్తొచ్చేది ఒక్కటే. అందులో ఇంకా ప్రాణం ఉందంటే తట్టుకోలేక అలా రాశాను. ఇది ఆవిడతో చెప్పకండి. చెబితే ఇంకోలా వినిపిస్తుందేమో. నేను ఏం రాసినా అలాగే అవుతోంది.

మీరు వెళ్ళనన్నారు. సరే అక్కా.

పిల్లకి నోటి పొర పీకకండి, రక్తం కారి చచ్చిపోతుంది. మందుల షాపులో బోరోగ్లిజరిన్ దొరుకుతుంది. దూదిపుల్లతో పొర మీద అద్దండి. జావ ఇంకా పల్చగా, తక్కువ తక్కువ, ఎక్కువసార్లు.

చలి పోకపోతే ఏ మందూ పనిచెయ్యదు. బల్బు తప్ప దారి లేదు. నేను ఈ మాట రాస్తానని అనుకోలేదు. ఇంట్లోనే పెట్టండి, షెడ్డులో కాదు. కొత్త హోల్డరు వాడండి. అతుకు ఉన్న వైరు వద్దు. చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని, రబ్బరు చెప్పులు వేసుకుని, ముందు బల్బు బిగించి ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపండి. చెయ్యి పట్టుకుని పక్కన నేనుండి చెప్పాల్సిన మాటలివి. ఒకవేళ మీకు చెయ్యి వణికితే వద్దండి. పిల్ల పోతే పోయింది. మీకు ఏమీ కాకూడదు.

సందీప్.

——

పెదగరువు,
5 సెప్టెంబరు.

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్ననే అందింది. వానలకి టపా కూడా ఆగిపోయింది. నీ జాగ్రత్తలన్నీ చదివి కాసేపు ఏడ్చాను. కానీ అవి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. కంగారుపడకు, చెడేమీ కాదు.

ఆదివారం మధ్యాహ్నం. ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తోంది. పిల్ల పక్కకి ఒరిగిపోయింది. కాళ్ళు చల్లబడ్డాయి. వైరు చేత్తో పట్టుకున్నాను, తమ్ముడూ. పట్టుకుని నిలబడ్డాను. స్విచ్చి బోర్డు వైపు అడుగు పడలేదు. ఆ గుంజల దగ్గర అతను ఎలా పడి ఉన్నాడో కోర్టులో ఫోటో చూపించారు కదా, అదే కళ్ళ ముందు. చివరికి వైరు పారేసి, పిల్లని తువ్వాలులో చుట్టి జాకెట్టుకి ఆనించుకుని, గొడుగేసుకుని బయల్దేరాను. ఎక్కడికని అనుకోలేదు. కాళ్ళు చర్చి వీధిలోకి తీసుకెళ్ళాయి.

ఆశాజ్యోతి కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంది. మబ్బుకి మిషను బల్బు వేసుకుంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. "బల్బు పెట్టలేకపోయాను" అన్నాను.

లేచింది. కుట్టిన బట్టలు పక్కకి జరిపి, కోతగుడ్డల డబ్బా ఖాళీ చేసి, అందులో పాత లంగా ముక్క పరిచింది. మిషను బల్బు మెడ వంచి దాని మీదకి దించింది. నేను వెనక్కి జరిగాను. అది చూసి అంది, "స్విచ్చికి భయపడితే నేనెలా బతుకుతానండి? ఇంట్లో దీపం, ఫ్యాను, మిక్సీ. ఆవేళ నుంచీ అన్నీ నేనే నొక్కుకుంటున్నాను. మొదటిసారి నొక్కడానికి నాకెంత సేపు పట్టిందో ఎవరికీ తెలీదు."

చెయ్యి అడ్డుపెట్టి వేడి ఎంతుందో చూసుకుంటూ డబ్బాని దగ్గరికీ దూరంగానూ జరిపింది. నేను బోరోగ్లిజరిన్ అద్దాను, ఆసుపత్రిలో అదే ఇచ్చారు. ఆమె పట్టుకుంటే నేను, నేను పట్టుకుంటే ఆమె. దీపాలవేళకి పిల్ల కాళ్ళు కూడదీసుకుని కూర్చుంది. ఒక చుక్క జావ మింగింది, ఇంకో చుక్క కోసం ముక్కు చాపింది. ఆశాజ్యోతి నవ్వింది. వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వడం తప్పయినట్టు.

ఇంటికి తీసుకెళ్ళనా అని అడిగితే, "ఇస్తానంటే తీసుకోనండి. ఉంచమంటే ఉంచుతాను" అంది.

"ఉంచమ్మా" అన్నాను.

వస్తుంటే గుమ్మం దాకా వచ్చి అడిగింది. "మీ తమ్ముడుగారిని చూడటానికి ఎవరైనా వెళ్ళొచ్చా అండి?" వెళ్ళొచ్చు గానీ ఆయన ఎవరి ముందుకీ రాడమ్మా అన్నాను. "చూస్తాను" అంది. నేను వద్దనలేదు. ఎందుకని కూడా అడగలేదు. నీకు చెప్పకుండా ఉండటం ఇష్టం లేక రాస్తున్నాను.

అక్క.

——

రాజమహేంద్రవరం,
16 సెప్టెంబరు.

అక్కకి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆవిడ వచ్చి వెళ్ళిన మర్నాడు అందింది. ముందే అంది ఉంటే నేను వెళ్ళేవాణ్ణి కాదేమో.

ఆడమనిషి వచ్చిందంటే మీరే అనుకుని రానని చెప్పమన్నాను. వార్డరు వెళ్ళి మళ్ళీ వచ్చి, "ఆశాజ్యోతి అట. ఊరికే వెళ్ళనంటోంది" అన్నాడు. వద్దనే అనుకున్నాను. అయినా వెళ్ళాను.

జాలీకి అవతల నిలబడి ఉంది. చుట్టూ అందరూ అరుచుకుంటూ మాట్లాడుకుంటున్నారు. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ముందు కోడిపిల్ల గురించి చెప్పింది. నోటి పొర రాలిపోయిందట, మిషను కింద గుడ్డముక్కలు లాగి ఆడుకుంటోందట. ఎడమవైపు మేత వేస్తే చూడటం లేదు, ఏం చెయ్యాలని అడిగింది. ఎప్పుడూ కుడివైపు నుంచే వెళ్ళండి, ముందు గొంతు వినిపించి తర్వాత చెయ్యి చాపండి, లేకపోతే బెదురుతుందని చెప్పాను. అంత సేపూ నా గొంతు మామూలుగానే ఉంది. కోళ్ళ గురించి కదా.

తర్వాత అడిగింది. "మీకు వినిపిస్తుందా అండి ఆయన దగ్గు?"

అక్కా, నేను అబద్ధం చెప్పగలిగేవాణ్ణి. చెబితే ఆవిడకి బాగుండేదేమో. "లేదండి. ఒక్కసారి కూడా లేదు" అన్నాను. మీరు మొదటి ఉత్తరంలో రాసినప్పటినుంచీ ఇక్కడ పడుకుని వింటూనే ఉన్నాను. బ్యారక్‌లో ఎంతమంది దగ్గుతారో. వాటిలో వాడిది ఉంటుందేమోనని ఒక్కొక్కటీ వింటాను. ఉండదు. నాకు కూడా వినిపిస్తే ఎంత భయపడతానో తెలుసు, అయినా వింటాను. మిమ్మల్ని రాయొద్దని నేనన్నది మీకు మతిపోయిందని కాదు. ఆ దగ్గు నా దాకా రాలేదని.

ఆవిడ తల ఊపింది. "మీరు అక్కడ లేరు కదండి" అంది.

జంగారెడ్డిగూడెం వెళ్ళిపోతోందట. అక్కడ వాళ్ళ చెల్లెలు బట్టల కొట్టు పెట్టుకుంది, ఇద్దరూ కలిసి కుట్టుకుంటారట. "ఇంక సాయంత్రాలు గట్టు మీదకి రాలేనండి. కానీ ఆయన వచ్చే వేళకి అక్కడ ఎవరో ఒకరుండాలి. మీరు వచ్చేదాకా అక్కగారిని ఉండమని రాయండి. వచ్చాక మీరుండాలి. ఊరొదిలి పారిపోకూడదు" అంది.

ఉంటానన్నాను. బయటికొచ్చాక ఎక్కడికైనా దూరంగా పోవాలనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఆవిడకెలా తెలిసిందో.

సమయం అయిపోయిందన్నారు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "భోజనం బాగుంటుందా ఇక్కడ?" అని అడిగింది. వాడింటికి వెళ్తే ఎప్పుడూ భోజనం సంగతే అడిగేది.

అక్కా, ఉంటారా?

సందీప్.

——

పెదగరువు,
9 అక్టోబరు.

చిరంజీవి సందీప్‌కి దీవెనలు.

ఉంటాను. దీనికి అడగాలా.

ఆశాజ్యోతి నిన్న వెళ్ళిపోయింది. మిషను ముందే లారీ మీద పంపించేసింది. కోడిపిల్లని, ఇప్పుడు పిల్ల అనకూడదు, పెట్టలా తయారైంది, దాన్ని మూతబుట్టలో పెట్టి మీద చీరముక్క కట్టింది. కుడికన్ను ఉన్న వైపు చిన్న కంత ఉంచింది. కండక్టరు బుట్ట చూసి, "కోడికి కూడా టిక్కెట్టు కొట్టాలమ్మా" అన్నాడు. "ఒంటికన్నుదండి, సగం కొట్టండి" అంది ఆశాజ్యోతి. బస్సులో వాళ్ళందరూ నవ్వారు. ఆమెకి అంత మాట వస్తుందని నేననుకోలేదు. బస్సు కదిలాక మాత్రం నా వైపు చూడలేదు. బుట్ట కంతలోకే చూస్తూ ఉంది.

సాయంత్రం గట్టు మీదకి వెళ్ళాను. షెడ్డు వెనక గడ్డి పెరిగిపోయింది, చెప్పులు విడిచి నడిచాను. చెరువు మీద నుంచి చల్లగాలి. ఆమె నిలబడే చోటు ఎక్కడో అక్కడి మట్టిని చూస్తేనే తెలుస్తోంది, నున్నగా అరిగిపోయింది. నేనూ అక్కడే నిలబడ్డాను. ఊరికే నిలబడటం చేతకాలేదు నాకు. నీకు తెలుసుగా, నేను మాట్లాడకుండా ఉండలేను. అందుకని, పక్కన మనిషి ఉంటే చెప్పినట్టే, పైకే చెప్పాను.

"పాల్, ఆశాజ్యోతి బస్సెక్కేసిందయ్యా. కిటికీ పక్క సీటు దొరికింది" అన్నాను.

చీకటి పడేదాకా ఉండి ఇంట్లోకి వచ్చాను.

అక్క.